పెరగడానికి సూత్రం, తగ్గడానికి ప్రకటన: కరెంటు ధరల రెండు నడకలు

సూరత్‌లో తాపీ నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్‌లో ఏ ఇంటి కరెంటు బిల్లు తీసి చూసినా యూనిట్ రేటుకు విడిగా మరొక పద్దు కనిపిస్తుంది. అది ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయాల సర్దుబాటు. గుజరాత్‌లో దానిని పొడి అక్షరాలతో ఎఫ్‌పీపీపీఏ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్‌పీపీసీఏ అంటారు. ఏడాది లెక్కలు తేల్చాక పడే భారాన్ని ట్రూఅప్ అంటారు. పేరు ఏదైనా అర్థం ఒకటే: టోకు మార్కెట్‌లో కరెంటు కొన్న ధర అంచనాను దాటితే ఆ తేడా వినియోగదారుని మీదికి వస్తుంది.

సర్దుబాటు అన్నది నిజానికి రెండు వైపులా జరగవలసిన పని. ఖర్చు పెరిగితే బిల్లు పెరగాలి, ఖర్చు తగ్గితే బిల్లు తగ్గాలి. మన దేశంలో గత పాతికేళ్ల విద్యుత్ చరిత్ర చదివితే ఈ రెండు ప్రయాణాలు ఒకే దారిన సాగలేదని తెలుస్తుంది. పెరుగుదలకు ఒప్పందాలలో, నిబంధనలలో, కమిటీలలో తలుపులు తెరుచుకున్నాయి. తగ్గుదల ప్రతిసారీ ఎవరో ఒకరి నిర్ణయం కోసం వాకిట్లో నిలబడింది. ఇది మార్కెట్ సహజ స్వభావమని సరిపెట్టుకోవడం తేలిక. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు.

రాకెట్లు, ఈకలు

ఈ తేడాకు అర్థశాస్త్రంలో ఒక ముద్దుపేరు ఉంది. 1991లో రాబర్ట్ బేకన్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ పెట్రోలు ధరలను పరిశీలించి, అవి పెరిగేటప్పుడు రాకెట్లలా ఎగసి, తగ్గేటప్పుడు ఈకల్లా నెమ్మదిగా దిగుతాయని అన్నాడు. 1997లో సెవరిన్ బోరెన్‌స్టైన్, ఆయన సహచరులు అమెరికా పెట్రోలు బంకుల్లోనూ అదే ధోరణిని చూపించారు. 2000లో శామ్ పెల్ట్జ్‌మన్ వందలాది సరుకుల ధరలను పరిశీలించి, మూడింట రెండు వంతులకు పైగా మార్కెట్లలో ధరలు తగ్గే వేగం కన్నా పెరిగే వేగమే ఎక్కువని తేల్చాడు.

టోకు విద్యుత్ విషయంలో ఈ ప్రశ్న జర్మనీలో గట్టిగా వచ్చింది. 2005లో ఐరోపా సమాజం కర్బన ఉద్గారాల అనుమతి పత్రాల వ్యాపారాన్ని ప్రారంభించింది. బొగ్గు మండించే కంపెనీకి ఆ పత్రం కూడా ఒక ఖర్చే. జాక్‌మన్, ఫాన్ హిర్ష్‌హౌసెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో వెలువరించిన అధ్యయనంలో, అనుమతి పత్రాల ధర పెరిగినప్పుడు జర్మనీ టోకు కరెంటు ధర మీద పడే ప్రభావం, ఆ ధర తగ్గినప్పుడు పడే ప్రభావం కన్నా బలంగా ఉన్నదని చూపించారు. ఆ కథకు ఒక ముగింపు కూడా ఉంది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

మన దేశంలో పరిస్థితి వేరు. 2008 జూన్‌లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ ప్రారంభమైన తరువాత రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో ధర నిర్ణయించే టోకు మార్కెట్ మనకూ వచ్చింది. అక్కడ ధర ఎంత వేగంగా పెరుగుతుందో అంత వేగంగానూ పడుతుంది. 2022 మార్చిలో ఆ ధర యూనిట్‌కు 20 రూపాయల గరిష్ఠాన్ని తాకితే, ఏప్రిల్ మొదట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయల పరిమితి విధించవలసి వచ్చింది. 2025 మే నెలలో సౌర విద్యుత్ వెల్లువెత్తిన ఒక ఆదివారం కొన్ని భాగాల్లో ధర సున్నా దాకా దిగింది. అయితే దేశంలో అమ్ముడయ్యే కరెంటులో ఎక్స్ఛేంజ్ వాటా చిన్నది. అత్యధిక భాగం 25 ఏళ్ల పాటు సాగే విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ద్వారా చేతులు మారుతుంది. అందువల్ల మన అసమానత చిరునామా ఎక్స్ఛేంజ్ తెర మీద దొరకదు, ఒప్పంద పత్రాల్లో దొరుకుతుంది.

ముంద్రా: పెరిగిన ధర కోసం తెరిచిన ఒప్పందం

2003 విద్యుత్ చట్టంలోని 63వ సెక్షన్ పోటీ వేలం ద్వారా టోకు ధర నిర్ణయించే పద్ధతిని తెచ్చింది. తక్కువకు పాడినవారికి ఒప్పందం దక్కుతుంది, ఆ ధరకే పాతికేళ్లు కరెంటు ఇవ్వాలి. దీనికి కచ్ తీరంలోని ముంద్రా పెద్ద ప్రయోగశాల అయింది. 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును టాటా పవర్ సగటున యూనిట్‌కు 2.26 రూపాయలకు పాడి దక్కించుకుంది. దాని కరెంటులో పెద్ద వాటా గుజరాత్‌ది. పక్కనే అదానీ పవర్ 2007 ఫిబ్రవరిలో గుజరాత్ ఊర్జా వికాస్ నిగమ్‌తో 2.89, 2.35 రూపాయల చొప్పున రెండు ఒప్పందాలు చేసుకుంది. ఆనాడు ఈ ధరలను సంస్కరణల విజయంగా కీర్తించారు.

ముంద్రా ప్రాజెక్టులు ఇండోనేసియా బొగ్గును నమ్ముకున్నాయి. 2010 సెప్టెంబరులో ఇండోనేసియా ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. ఎగుమతి చేసే బొగ్గును, పాత ఒప్పందాలు ఏవైనా సరే, ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక ధర కన్నా తక్కువకు అమ్మరాదన్నది దాని సారం. పాత ఒప్పందాలకు ఏడాది గడువు ఇచ్చారు. చవక బొగ్గు లెక్క తలకిందులైంది. కంపెనీలు 2012లో కేంద్ర నియంత్రణ మండలి గడప తొక్కాయి. 2013 ఏప్రిల్‌లో మండలి 'పరిహార టారిఫ్' అనే మార్గం చూపింది. కమిటీలు కూర్చున్నాయి. 2014 ఫిబ్రవరిలో టాటా ముంద్రాకు యూనిట్‌కు సుమారు 52 పైసల అదనపు ధర ఖరారైంది. వేలంలో తేలిన ధర, ప్లాంటు పూర్తిస్థాయిలో నడవడం మొదలైన ఏడాదికే మారిపోయింది.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2017 ఏప్రిల్ 11న ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో జస్టిస్ రోహింటన్ నారిమన్ రాసిన తీర్పు స్పష్టంగా ఉంది. విదేశంలో చట్టం మారి బొగ్గు ధర పెరగడం ఒప్పందంలో చెప్పిన 'చట్ట మార్పు' కిందికి రాదు. ఒప్పందం అమలు చేయడం భారమైనంత మాత్రాన అది అసాధ్యం అయినట్టు కాదు. ధర పాడినప్పుడే ఆ ప్రమాదాన్ని కూడా తలకెత్తుకున్నారన్నది ఆ తీర్పు భావం.

మామూలు ఒప్పందమైతే కథ అక్కడితో ముగియాలి. 2018 జులైలో గుజరాత్ ప్రభుత్వం విశ్రాంత సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆర్.కె. అగ్రవాల్ అధ్యక్షతన ఉన్నతాధికార కమిటీ వేసింది. బొగ్గు ధరను ఒక గరిష్ఠానికి లోబడి వినియోగదారులకు బదలాయించవచ్చునని కమిటీ సిఫారసు చేసింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో సుప్రీంకోర్టు, ఒప్పందాలను ఇరుపక్షాలు సవరించుకోవడానికి 2017 తీర్పు అడ్డు రాదని స్పష్టం చేసింది. డిసెంబరులో అదానీతో అనుబంధ ఒప్పందం కుదిరింది. 2019 ఏప్రిల్‌లో కేంద్ర మండలి ఆమోదించింది. కోర్టులో ఓడిన వాదన, కమిటీ గుండా ఒప్పందంలోకి ప్రవేశించింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ ఏడేళ్లలో బొగ్గు ధర ఒకే దిశలో సాగలేదు. ఇండోనేసియా ప్రామాణిక ధర 2011 తొలి నెలల్లో టన్నుకు 127 డాలర్ల చుట్టూ ఉండి, 2016 మొదట్లో 50 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. తరువాత పెరిగి, 2020 సెప్టెంబరులో మళ్ళీ 50 డాలర్ల లోపుకు వచ్చింది. 2022 అక్టోబరులో 330 డాలర్లు దాటింది. ధర పెరిగిన ప్రతిసారీ పిటిషన్లు, కమిటీలు, అనుబంధ ఒప్పందాలు వచ్చాయి. ధర పడిన సంవత్సరాల్లో వినియోగదారుల తరఫున ఒప్పందాన్ని తెరుద్దామని ఏ ఉన్నతాధికార కమిటీ కూర్చోలేదు. 2021 శరత్తులో బొగ్గు మండిపోతే ముంద్రాలో టాటా యూనిట్లు ఆగిపోయాయి. 2022 మేలో కేంద్రం విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్‌ను ప్రయోగించి, దిగుమతి బొగ్గు ప్లాంట్లన్నీ నడవాలని ఆదేశిస్తూ, పెరిగిన ఇంధన వ్యయం చెల్లింపునకు ఏర్పాటు చేయవలసి వచ్చింది. స్థిర ధర ఒప్పందం అంటే కొనుగోలుదారునికి బీమా అనుకున్నాం. ప్రమాదం నిజంగా వచ్చిన నాడు ఆ బీమా పనిచేయలేదు.

అమరావతి: తగ్గిన ధరకు మూసుకున్న ఒప్పందం

ఈ కథకు అద్దంలో ప్రతిబింబం లాంటి కథ ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2019లో అధికారంలోకి వచ్చిన జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం, అంతకు ముందు కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు మరీ ఎక్కువన్నది. పాత పవన ఒప్పందాల్లో ధర యూనిట్‌కు 4.84 రూపాయల వరకు ఉండగా, కొత్త వేలాల్లో రెండున్నర రూపాయలకే కరెంటు దొరుకుతోందన్నది దాని వాదన. 2019 జులై 1న 63వ నంబరు ఉత్తర్వుతో ధరలపై సంప్రదింపులకు ఉన్నత స్థాయి కమిటీని వేసింది.

అప్పుడు దేశం స్పందించిన తీరు ముంద్రా నాటి తీరుకు పూర్తిగా భిన్నం. ఒప్పందాల పవిత్రత దెబ్బతింటుందని, పెట్టుబడులు బెదిరిపోతాయని కేంద్ర విద్యుత్ శాఖ లేఖలు రాసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్ళాయి. సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ ఉత్తర్వును కొట్టివేసి, అంశాన్ని రాష్ట్ర మండలికి పంపి, అంతవరకు పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల చొప్పున తాత్కాలికంగా చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఒప్పందంలో రాసిన పూర్తి ధరే చెల్లించాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పు ఇచ్చింది.

రెండు కథలూ ఒకటే అనడం న్యాయం కాదు. ముంద్రాలో ప్లాంటు నడిపే ఖర్చు నిజంగా పెరిగింది. ఆంధ్రలో పాత గాలిమరల ఖర్చు తగ్గలేదు, కొత్తగా వచ్చే వాటి ఖర్చు తగ్గింది. పాత ధరను చూపి బ్యాంకులలో అప్పు తెచ్చినవారికి అర్ధంతరంగా ధర కోస్తే ప్రాజెక్టు కూలుతుంది. ప్రభుత్వం ఏకపక్షంగా నడిచిన పద్ధతి కూడా సమర్థనీయం కాదు. ఆ తీర్పులో న్యాయం ఉంది. అయినా వినియోగదారుని వైపు నుంచి చూస్తే మిగిలే ప్రశ్న ఇది: ధర పెరిగినప్పుడు 'పరిస్థితులు మారాయి' అన్న మాట చెల్లి, ధర తగ్గినప్పుడు 'ఒప్పందం ఒప్పందమే' అన్న మాట చెల్లితే, రెండు సందర్భాల్లోనూ ఎక్కువ చెల్లించేది ఎవరు?

బషీర్‌బాగ్ తరువాత

ఒప్పందాల నుంచి బిల్లు దాకా వచ్చే దారిలో రాజకీయం ఉంది. 2000 సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియంత్రణ మండలి తొలి టారిఫ్ ఉత్తర్వుతో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు మరణించారు. 2004 ఎన్నికల్లో ఆ గాయం ప్రభావం ఎంతో చెప్పనక్కరలేదు. గెలిచిన రాజశేఖర రెడ్డి ప్రమాణ స్వీకారం నాడే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ దస్త్రం మీద సంతకం చేశారు.

దేశంలోని పార్టీలన్నీ బషీర్‌బాగ్ నుంచి ఒక పాఠం నేర్చుకున్నాయి. అది ధరలు పెంచరాదన్న పాఠం కాదు, బహిరంగంగా పెంచరాదన్న పాఠం. టారిఫ్‌ను ఏడాదికి ఒకసారికి మించి మార్చరాదని 2003 చట్టంలోని 62వ సెక్షన్ చెబుతుంది. అదే వాక్యంలో ఇంధన సర్‌ఛార్జి సూత్రానికి మినహాయింపు ఉంది. క్రమంగా భారమంతా ఆ మినహాయింపు గుండా ప్రవహించడం మొదలైంది. మూల రేటు కదలదు, ప్రభుత్వం 'ఛార్జీలు పెంచలేదు' అని చెప్పుకోగలుగుతుంది. సర్దుబాటు పద్దు మాత్రం పెరుగుతూ పోతుంది.

2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన విద్యుత్ సవరణ నిబంధనలు ఈ ప్రవాహానికి కాలువ తవ్వాయి. ఒక నెల కొనుగోలు వ్యయం పెరిగితే, ఆ భారాన్ని రెండు నెలల తరువాతి బిల్లులో దానంతటదే వేయవచ్చు. ఒక స్థాయి వరకు మండలి ముందస్తు అనుమతి అక్కరలేదు. గడువులోగా వేయకపోతే వసూలు చేసే హక్కునే కోల్పోతారు. పరిమితికి మించి వసూలు చేసినది అదనపు వడ్డీతో తిరిగివ్వాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, అది మంచి మాటే. కానీ వసూలు నెలనెలా జరుగుతుంది, తిరిగివ్వడం ఏడాది లెక్కలు తేలాక జరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో దీని ఆచరణ చూడండి. అనుమతి లేకుండా యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వేసే వీలు కలిగింది. 2024-25లో ఆ 40 పైసల లెక్కన డిస్కంలు సుమారు 2,787 కోట్ల రూపాయలు వసూలు చేశాయి. మండలి లెక్క తేల్చేసరికి అనుమతించదగిన వ్యయం సుమారు 1,863 కోట్లే. మిగిలిన 923 కోట్ల చిల్లర తిరిగివ్వాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. అది నవంబరు నుంచి ఏడాది పాటు యూనిట్‌కు 13 పైసల చొప్పున తగ్గింపు. ప్రభుత్వం దీనిని 'ట్రూడౌన్' అంటూ ఘనతగా చెప్పుకున్నది. మండలి తన పని సరిగా చేసిందనడంలో సందేహం లేదు. కానీ ప్రజల సొమ్ము ప్రజలకు తిరిగి రావడం వార్త అయిందంటే, అంతకు ముందు ఏమి జరుగుతుండేదో ఊహించుకోవచ్చు.

పెరుగుదల కూడా ఆలస్యంగానే వచ్చిందని కొందరు గుర్తు చేస్తారు. నిజమే. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్ల ట్రూఅప్ భారం 2024 చివర్లో గాని బిల్లుల్లోకి రావడం మొదలు కాలేదు. ఖర్చు ఒక ప్రభుత్వ హయాంలో జరిగితే వసూలు మరొక ప్రభుత్వ హయాంలో మొదలైంది. ఇరు పక్షాలూ ఒకరినొకరు దోషులన్నాయి. ఈకకూ రాకెట్‌కూ తేడా వేగంలో మాత్రమే ఉందనుకుంటే ఇది మినహాయింపుగా కనిపిస్తుంది. అసలు తేడా కచ్చితత్వంలో ఉంది. పెరుగుదల ఆలస్యమైనా పైసాతో సహా వచ్చి తీరుతుంది. తగ్గుదల వస్తుందో రాదో, ఎంత వస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు.

గుజరాత్ అనుభవం దీనికి మరో ఉదాహరణ. ప్రభుత్వ పంపిణీ సంస్థల వినియోగదారులకు ఎఫ్‌పీపీపీఏ మెట్టు మెట్టుగా పెరిగి 2023 నాటికి యూనిట్‌కు 3.35 రూపాయలకు చేరింది. 2024 జనవరిలో 50 పైసలు, అక్టోబరులో 40 పైసలు తగ్గాయి. ఎక్కే మెట్లను సూత్రం లెక్కగట్టింది. దిగే మెట్లను మంత్రి స్వయంగా ప్రకటించారు. సూత్రం రెండు వైపులా పనిచేసేదైతే తగ్గింపును ప్రకటించడానికి మంత్రి ఎందుకు?

మగ్గం మీద పడే భారం

సూరత్‌లో ఈ పైసల లెక్క మధ్యతరగతి ఇంటితో ముగియదు. ఈ నగరం మరమగ్గాల మీద నిలబడింది. మన తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి వాడల్లో స్థిరపడ్డాయి. మరమగ్గానికి నూలు తరువాత పెద్ద ఖర్చు కరెంటే. సర్దుబాటు పద్దు పెరిగిన నెలలో మగ్గాల యజమాని దానిని బట్ట ధరలో వెంటనే రాబట్టుకోలేడు, వ్యాపారి ఒప్పుకోడు. అతని చేతిలో ఉన్న దారులు రెండే: మగ్గం ఆపడం, లేదా మీటరు లెక్కన ఇచ్చే కూలి పెంచకుండా నెట్టుకు రావడం. ఏడాది తరువాత సర్దుబాటు పద్దు కొంత తగ్గినా, ఆ మధ్యలో మగ్గం ఆగిన రోజుల కూలి కార్మికునికి తిరిగి రాదు. ఏడాది తిరిగేలోగా ఇల్లు మారిన కిరాయిదారుకూ, మూతపడిన యూనిట్‌కూ ట్రూడౌన్ అందదు. ఆలస్యంగా వచ్చే తగ్గింపులో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది నిలకడగా ఒక చోట ఉండలేని వారు.

జర్మనీ కథ ముగింపు

పంపిణీ సంస్థల ఇబ్బందిని తోసిపుచ్చలేము. కొన్న ధర రాబట్టుకోలేని డిస్కం ఉత్పత్తిదారులకు బకాయి పడుతుంది, చివరికి కోతలు వస్తాయి. ఆ నష్టాలు ఏళ్ల తరబడి పేరుకుపోయి ప్రభుత్వ ఖజానా మీద పడడం మనం చూసినదే. కాబట్టి వెంటనే రాబట్టుకునే సూత్రం ఉండడమే తప్పని నేను అనను. ఆ సూత్రానికి ఒకే కాలు ఉండడం తప్పు.

జర్మనీలో ఆ అసమానత తరువాత ఏమైందో 2014లో ఫ్రాంక్ మోకిన్‌స్కీ, నికోలస్ వ్యోల్ఫింగ్ వెలువరించిన అధ్యయనం చెబుతుంది. ఆ దేశపు పోటీ పరిరక్షణ సంస్థ కరెంటు కంపెనీలు ఉద్గార పత్రాల ధరను ఎలా బదలాయిస్తున్నాయో విచారించి నివేదిక ఇచ్చింది. ఆ వెంటనే టోకు ధరలోని అసమానత మాయమైంది. మార్కెట్ మారలేదు, సాంకేతికత మారలేదు. ఎవరో చూస్తున్నారన్న ఎరుక కలిగింది, అంతే.

మన దగ్గర చూడవలసినవారు నియంత్రణ మండళ్ళు, శాసనసభలు, పత్రికలు. అడగవలసినవి పెద్ద కోరికలు కావు. ఖర్చు పెరిగినప్పుడు రెండో నెలలో భారం వేసే సూత్రం, ఖర్చు తగ్గినప్పుడు అదే రెండో నెలలో తగ్గింపు కూడా వేయాలి. ఆ నెల టోకు కొనుగోలు సగటు ధర ఎంతో బిల్లు మీద అచ్చు వేయాలి. కంపెనీకి బొగ్గు ధర పెరిగితే ఒప్పందం సవరించే నిబంధన పెట్టేటట్టయితే, ధర పడినప్పుడు వినియోగదారుని తరఫున తెరిచే నిబంధన కూడా అదే పేజీలో ఉండాలి. 2007లో సంతకాలైన ఒప్పందాల గడువు వచ్చే దశాబ్దంలో తీరుతుంది. వాటి స్థానంలో రాసే కొత్త ఒప్పందాల ముసాయిదాలు ఇప్పటి నుంచే తయారవుతాయి. ఆ ముసాయిదాల మీద మండళ్ళు బహిరంగ విచారణకు పిలిచినప్పుడు ఖాళీ కుర్చీలే కనిపిస్తే, మరో పాతికేళ్లు ఇదే బిల్లు కడతాం.